రెండో తెడ్డు

తొమ్మిది రాత్రులుగా దేవుణ్ణి నేనడిగింది ఒకటే,
చీకటి.
వెలుగు కోసం మోకరించమని నేర్పింది అమ్మ.
ఈ సంగతి ఆమెకు ఎప్పటికీ చెప్పను.

మడచెట్ల వేళ్ళ మధ్య, పోటుకి నించుని, పాటుకి కూలబడి,
నా కాలివేళ్ళని పీతలు లెక్కపెట్టి పోతుంటే
దూరాన రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల హోరు.
అన్నిట్లోనూ నేను కాపలా కాసిన చెరువు గొంతు గుర్తుపట్టేవాణ్ణి.
దాని మోటారుకి కొంచెం దగ్గు.

ఆ చెరువులోనే సూరిబాబు తేలాడు.
నేను చూసేసరికి తెల్లారింది, చొక్కా జేబులో రొయ్యలు.
షావుకారు నావైపు చూసి, మెల్లిగా, అందరికీ వినబడేలా,
"రాత్రి మీరిద్దరే కదరా ఉన్నారు" అన్నాడు.
అంతే, ఒక్క మాట.
మధ్యాహ్నానికి అది కర్రయింది,
సాయంత్రానికి కర్రకి నెత్తురంటింది,
దీపాలు పెట్టే వేళకి నేను అతనికి ఆరువేలు బాకీ పడ్డాను.
పరిగెత్తాను.
పరుగంటే సంతకమని అప్పటికి తెలీదు.

పదో రాత్రి, సఖినేటిపల్లికి దిగువన, పంటు ఆగిపోయాక
ముసలాయన ఒకడు నావలో వల సర్దుకుంటున్నాడు.
నర్సాపురం ఒడ్డుకి, అన్నాను.
డబ్బులడగలేదు, పేరడిగాడు.
నోటికొచ్చింది, "రాంబాబు."
మొహం ఎత్తకుండానే "ఎక్కు రాంబాబూ" అన్నాడు.

నడి గోదాట్లో మోటారు చప్పుడు.
గస్తీ బోటు.
"పడుకో."
తడి వల నామీద పడింది, సీసం గుళ్ళు పళ్ళకి తగిలాయి.
టార్చి వెలుగు నీళ్ళ మీద నడిచి, తెడ్డెక్కి,
ఆయన మోకాళ్ళు దాటి, వల కన్నాల్లోంచి దిగి
నా కంటికి జానెడు దూరంలో
రంగూడిన పలక మీద ఆగింది.
సూ. రి. బా. బు.

చీకటి అడిగినవాడికి
దేవుడు వెలుగిచ్చి చదివించాడు.

"ఏం పడిందిరా ముసలయ్యా?"
"ఏం పడుద్దండి, నాచు."
"ఆ ఓబేదుగాడు ఇటుగా వస్తే..."
"వత్తే నేనొదుల్తానాండి?"

మోటారు సముద్రం వైపు సన్నబడింది.
ఆయన వల తియ్యలేదు.
తెడ్డూ వెయ్యలేదు.
నావ దానంతటది తిరుగుతోంది.
వల కింద ప్రార్థన మొదలెట్టి
ఎవరికోసమో తెలీక ఆపేశాను.

"ఆడికి నీళ్ళు పోసింది నేనే,"
నాతో అన్నాడో, నదితో అన్నాడో.
"డాక్టరు కాయితంలో ఏం రాయించారో, నాకు చదువు రాదు.
దెబ్బెక్కడుందా అని తలంతా తడిమాను,
వెంట్రుక వెంట్రుకా. లేదు.
కుడిచెయ్యి ముడుచుకుపోయింది. ఇప్పదీస్తే
అరచేతి మధ్యలో కన్నం. నల్లగా, తీగంత.
కర్రతో కొడితే అరచెయ్యి ఎందుకు కాలుద్దిరా?"

స్తంభానికి దొంగ కొక్కెం వేయించింది షావుకారు.
తొక్కూడిన ఆ తీగకి రెండుసార్లు గుడ్డ చుట్టింది నేను.
మూడోసారి చుట్టలేదు.

చిన్నప్పుడు ఆదివారం బడిలో, గోడమీది బొమ్మ చేతుల్ని చూపించి
ఆ కన్నాల్లోంచి చూస్తే ఏం కనబడుద్దని అడిగి
పంతులమ్మ చేత దెబ్బలు తిన్నాను.
ఈ రాత్రి అందులోంచి
ఒక నావ కనబడింది.

"నేనొక్కణ్ణే చెబితే ఏడుపంటారు.
ఇద్దరం చెబితే సాక్ష్యమంటారేమో. అనకపోనూవచ్చు.
అటు తెల్లారగట్ల రైలుంది. ఇటు ఠాణా.
పోటు మొదలైంది. ఊరికే కూకుంటే
అదే పట్టుకుపోద్ది ఎటో."

వల తోసుకుని లేచాను, మొహమంతా పొలుసులు.
నావ అడుగున రెండో తెడ్డుంది. పొట్టిది.
పిడి ఇంకెవరి అరచేతికో అరిగి ఉంది,
నా చెయ్యి అందులో కుదరలేదు.
ఐనా పట్టుకున్నాను.

"నా పేరు రాంబాబు కాదండి."

"తెల్సు. తెడ్డెయ్."